పడుగు వదిలి వెళ్లిన రోజు

1988 వేసవి మొదట్లో, కొమ్మూరుపాలెం అనే ఊళ్లో భావనారాయణ అనే నేతగాడు ఉండేవాడు. పనిలో ఎంత నేర్పరో, మనిషి అంత మొండి. "నా ఒక్కడి ఓటుతో ఏమవుతుంది?" అంటూ ఏ ఎన్నికకూ వెళ్లేవాడు కాదు.

ఆ ఊళ్లో నేతగాళ్ల వీధి పొడవుగా, తిన్నగా ఉండేది. నేతకు ముందు నిలువు పోగులన్నిటినీ, అంటే పడుగును, తెల్లవారుజామున ఆ వీధిలోనే బారుగా చాపేవారు. గంజి పెట్టి, ఆరేదాకా కుంచెలతో రుద్దేవారు. దానికి ఐదుగురు కావాలి. మధ్యలో ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే ఒకరి పడుగుకు మరొకరు సాయం వెళ్లడం ఆ వీధి ఆచారం. పిలిస్తే కాదనకూడదు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి పదవికి ఇద్దరు నిలబడ్డారు. తాను గెలిస్తే లారీలకు నేతగాళ్ల వీధినే దారి చేస్తానన్నాడు బియ్యం మిల్లు ఆసామి. కాలవ గట్టు మీద దారి వేయిద్దామన్నాడు టైలరు కోటయ్య. ఆ వీధి పోతే పడుగు చాపుకునేందుకు ఊళ్లో మరో చోటు లేదు.

పోలింగు రోజు బండ్లు తిరగవని భావనారాయణ సరిగ్గా ఆ రోజే పడుగు పెట్టుకున్నాడు. బావమరిది సాంబయ్యనూ, మరో ముగ్గురినీ సాయం పిలిచాడు.

"ఇవాళ ఓట్లు కదా బావా!" అని సాంబయ్య నసిగాడు.

"ఎనిమిదింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత వెళ్లి ఊరేగు!"

కానీ ఆ రోజు మబ్బు పట్టింది. గంజి ఒక పట్టాన ఆరలేదు. పదకొండు దాటినా ఐదుగురూ రుద్దుతూనే ఉన్నారు. పోలింగు ఒంటిగంటకే ముగుస్తుంది.

పన్నెండున్నరకు, ఆ వీధిలో అందరికన్నా పెద్దదైన నాంచారమ్మ వేలికి సిరా చుక్కతో తిరిగి వచ్చింది.

"ఒరే భావనారాయణా! నువ్వు మానుకున్నది చాలక ఈ నలుగురినీ కట్టేశావా?"

"నా ఒక్క ఓటు లేకపోతే కొంపలేం మునిగిపోవులే పిన్నీ," అన్నాడు అతను, తెగిన పోగు ఒకటి పట్టుకుని ముడి వేయబోతూ.

"అక్కడ వేల పోగులున్నాయి కదరా! ఆ ఒక్కటి తెగితే మాత్రం ఏ కొంప మునిగింది? దాన్నీ వదిలెయ్ రాదూ?"

అతని చేతులు ఆగిపోయాయి. పడుగు వంక ఒకసారి, వీధి వంక ఒకసారి చూశాడు.

"కుంచెలు కింద పెట్టండ్రా," అన్నాడు.

"పడుగు పోతుంది బావా!"

"పోనీ. వీధే పోతే రేపటి నుంచి ఎక్కడ చాపుతాం? పదండి!"

గంజి చేతులతోనే ఐదుగురూ పోలింగు జరుగుతున్న బడికి పరుగెత్తారు. వరసలో భావనారాయణ వెనకాలే మిల్లు ఆసామి అన్నగారు నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఒకే కొలత ఓటు కాగితం ఇచ్చారు. 'ఈ ఊరు ఎలా ఉండాలో నన్ను కూడా అడుగుతున్నారా!' అనుకున్నాడు భావనారాయణ. అతని కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రమే ఓట్లు లెక్కపెట్టారు. కోటయ్య పంతొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు.

"మనం వెళ్లకపోయినా గెలిచేవాడే బావా! ఊరికే పడుగు పోగొట్టుకున్నావు," అన్నాడు సాంబయ్య.

"ఒరే, గెలిపించిన వాళ్లందరూ ఇంట్లో ఏదో ఒక పని వదులుకునే వచ్చారు. వాళ్లు కూడా నీలాగే అనుకుని ఉంటే?" అన్నాడు భావనారాయణ. అక్కణ్ణుంచి తిన్నగా నాంచారమ్మ ఇంటికి వెళ్లాడు. "నీ పుణ్యాన నేనూ ఈ ఊరి మనిషిననిపించుకున్నాను పిన్నీ," అని చేతులెత్తి దండం పెట్టాడు.

పడుగు పనికిరాకుండా పోయింది. నెల రోజులు అతని మగ్గం ఆడలేదు, ఆ ఇంట్లో రోజుకు ఒక్క పూటే పొయ్యి వెలిగింది.

ఒక్క ఓటే కదా అని మానుకునేవాడు తన ఊరిని తానే ఎదుటివాడి చేతిలో పెడతాడు. అందుకే ఎంత పని నష్టపోయినా సరే, ఓటు వేసి రావాలి.