నాంచారికి కొన్న చప్పుడు లేని డ్రమ్ము

సరే, పడుకోండి. ఒరే హవీషూ, మంచాన్ని కాళ్ళతో తన్నకు. మేఘూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే ఎలా, వాడికీ కాస్త ఇవ్వు. రేపు డ్రమ్ములు కొనడానికి వెళ్తున్నామని మీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. అందుకే డ్రమ్ము కథే చెప్తా. ఊ కొట్టాలి మరి. ఊ ఆగితే కథా ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊరు. ఊరంటే వీధులూ సందులూ ఉన్న ఊరు కాదు, ఒకటే మేడ. తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత మేడ. ఊరి జనమంతా దాంట్లోనే కాపురం, ఒకరి నెత్తిమీద ఒకరు. ఆ మేడ రాజుగారిది. ఆయన మంచివాడే పాపం. అద్దెకి ఎవరొచ్చినా కాదనేవాడు కాదు. మీది ఏ దేశం, మీది ఏ భాష అని అడిగేవాడు కాదు. ఒక్కటే షరతు. ఒక ఇంటి చప్పుడు ఇంకో ఇంటి చెవిన పడకూడదు. పడిందని ఫిర్యాదు వెళ్ళిందా, మూటాముల్లే సర్దుకుని గేటు బయటికి నడవాల్సిందే.

ఊ కొడుతున్నారా? ఆఁ, అలా.

ఆ మేడలో నడిమి అంతస్తులో అలివేలూ, ఆవిడ మొగుడు పెంచలయ్యా, వాళ్ళ కూతురు నాంచారీ ఉండేవాళ్ళు. చాలా దూరం నుంచి వచ్చినవాళ్ళు. పెంచలయ్యకి రాజుగారి ధాన్యం కొట్టులో పని. మరి వాళ్ళ కింది ఇంట్లో ఎవరుండేవాళ్ళో తెలుసా? దెయ్యం! ఇటు జరుగు, భయమెందుకు, పీక్కుతినే దెయ్యం కాదులే. గొణుగుడు దెయ్యం. గరిటె పడితే గొణిగేది, గిన్నె పడితే గొణిగేది, గాజు పడితే గొణిగేది, గాలి వీస్తే గొణిగేది. గొణిగి గొణిగి, అదీ చాలక రాజుగారి దగ్గరికెళ్ళి ముక్కు చీదేది. దాని పుణ్యమా అని ఎంతమంది ఇళ్ళు ఖాళీ చేశారో.

అలివేలుకి దెయ్యమంటే భయం లేదు. మాట పడటమంటే భయం. వాళ్ళింట్లో పిల్లని అదుపులో పెట్టరట అని మెట్ల మీద ఎవరైనా అంటే ఆవిడ ప్రాణం పోయేది. అందుకని కుర్చీల కాళ్ళకి పాతచీర గుడ్డలు చుట్టింది. కుక్కరు కూత వేస్తుందని పప్పు గిన్నెలోనే ఉడికించేది. అది ఉడికేసరికి అందరికీ ఆకలి చచ్చిపోయేది. తుమ్మొస్తే దిండులో తుమ్మేది. ఒకరోజు పెంచలయ్య చేతిమీద దోమ వాలింది. కొట్టబోయి ఆగి, ఏమే, దోమని కొట్టాలన్నా నీ అనుమతి కావాలా అన్నాడు. ఆవిడ నవ్వలేదు. "కొట్టకండి, ఊదండి" అంది.

నవ్వకండి. మరీ అంత గట్టిగా నవ్వకండి.

పిల్లకి నడక రాగానే మునివేళ్ళ మీద నడవడం నేర్పింది. మెల్లగా నడు, మెల్లగా నవ్వు, మెల్లగా ఏడు. నాంచారి మంచిపిల్ల, అన్నీ నేర్చుకుంది. ఒక్క చేతులు మాత్రం దాని మాట వినేవి కాదు. రెండు అట్లకాడలు దొరికితే చాలు, బియ్యం డబ్బా మీద ధడ్, మరచెంబు మీద టింగ్, నాన్న వీపు మీద ధబ్. ధడ్ టింగ్ ధబ్, ధడ్ టింగ్ ధబ్. వంటింట్లోంచి వాళ్ళమ్మ ష్! మళ్ళీ అంతా నిశ్శబ్దం.

ఆ మేడలో ఏడాదికొక్క రోజు మాత్రం చప్పుడు చేయొచ్చు. ఆ రోజు రాజుగారి మేళం బయల్దేరేది. డోళ్ళూ, డప్పులూ, తాషాలూ. ముందు బసవమ్మ అని పెద్దావిడ, నడుముకి డోలు కట్టుకుని. ఆవిడే మేళానికి గురువు. ఇంట్లో కాస్త సాధన చేసుకొచ్చిన పిల్లల్ని పరీక్షించి, బాగుంటే మేళంలో చేర్చుకునేది. నాంచారి బాల్కనీ ఊచల్లోంచి ఆ మేళాన్ని చూసింది. చూసొచ్చి వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. అమ్మా, వచ్చే ఏడు నేనూ మేళంలో ఉండాలి అంది. అన్నం మానలేదు, అలగలేదు, ఏడవలేదు. ఆ మాట అని అలా నిలబడిపోయింది. ఎన్నడూ ఏదీ అడగని పిల్ల అడిగేసరికి అలివేలు చేతిలో గరిటె చప్పుడు కాకుండా పక్కన పెట్టేసింది.

కాదనే తల్లి కాదమ్మా ఆవిడ. అదే చెప్తున్నా, ఆవిడ చెడ్డది కాదు.

అప్పటికి కరెంటు డ్రమ్ములొచ్చాయి. మన తోలు డ్రమ్ముల్లా కాదు. పలకలుంటాయి, పుల్లలతో కొడితే చప్పుడు బయటికి రాదు. చెవులకి డిప్పలు పెట్టుకుంటారే, హెడ్‌ఫోన్లు, వాటిలోకి పోతుంది. వాయించేవాళ్ళకే వినపడుతుంది. అది వినగానే అలివేలుకి దేవుడు కనపడ్డట్టయింది. కూతుర్ని తీసుకుని, డ్రమ్ములమ్మే మస్తాన్ కొట్టుకి వెళ్ళింది.

మస్తాన్ మాటకారి. రండమ్మా రండి, పాపకా, కొత్తగా నేర్చుకుంటుందా, ఇల్లు చిన్నదా, అన్నీ చిన్నవే చూపిస్తా అన్నాడు. మొదటిది చూపించాడు. స్టాండూ, పలకలూ, తాళాలూ, కింద కాలితో తొక్కే పెడలూ. అలివేలు ఏమడిగింది? చప్పుడు కిందికి వినపడుతుందా అంది. పైన వినపడదు గానీ పెడల్ తొక్కితే నేల అదురుతుందమ్మా అన్నాడు. వద్దంది. రెండోది చూపించాడు. చిన్నది, మడిస్తే మంచం కింద పట్టేస్తుంది. పలకలకి దోమతెరలా వల బిగించి ఉంది. నాంచారి పుల్ల ఆనిస్తే గుసగుసలాడింది, గట్టిగా వేస్తే గర్జించింది. పిల్ల మొహం వెలిగిపోయింది. అలివేలు ఏమడిగింది? చప్పుడు కిందికి వినపడుతుందా అంది. పుల్ల తగిలే టిక్కుటిక్కు కాస్త వస్తుందమ్మా అన్నాడు. వద్దంది.

మూడోది రబ్బరు చాప. మీ యోగా చాప లేదూ, అలాంటిది, కాస్త చిన్నది. చుట్టేస్తే చంకలో పెట్టుకుపోవచ్చు. దాని మీదే గుండ్రాలు గీసి ఉన్నాయి, ఇది డ్రమ్ము, ఇది తాళం అని. చప్పుడు కిందికి వినపడుతుందా? మీరే చూసుకోండమ్మా అన్నాడు మస్తాన్. నాంచారి డిప్పలు పెట్టుకుని కొడుతోంది. అలివేలు ఏంచేసిందో తెలుసా? కొంగు నడుముకి దోపుకుని, అంతమంది మధ్యలో ఆ కొట్టు నేల మీద పడుకుని నేలకి చెవి ఆనించింది!

ఏమే, గుమ్మంలో నిలబడ్డావెందుకు, లోపలికొచ్చి కూర్చుని వినరాదూ? మీ అమ్మకి ఎప్పుడూ పనే. సరే, ఎక్కడున్నాం?

ఆఁ, నేల మీద. ఏమీ వినపడలేదు. చీమ నడిచినంత కూడా లేదు. అలివేలు మొహం చూడాలి, లాటరీ తగిలినట్టు. పైన నాంచారి మెల్లగా కొట్టి చూసింది, గట్టిగా కొట్టి చూసింది. మళ్ళీ మెల్లగా, మళ్ళీ గట్టిగా. "అమ్మా, ఇది ఎలా కొట్టినా ఒకేలా అంటోందే" అంది. "ఒకేలా అంటే మంచిదే కదమ్మా, పాడవలేదన్నమాట" అంటూ లేచి మోకాళ్ళు దులుపుకుంది తల్లి. ఆ సంతోషం చూసి పిల్ల పుల్లలు పక్కన పెట్టేసింది. మస్తాన్ మాత్రం, ఒక్కసారి మీ చెవులకి కూడా పెట్టుకుని చూడండమ్మా అన్నాడు. నాకెందుకు, వాయించేది నేనా అని చాప చుట్టించింది.

ఊ కొట్టడం మానేశారేం?

ఏడాదంతా నాంచారి వాయించింది. బడినుంచి రాగానే డిప్పలు తగిలించుకుని చాప ముందు కూర్చునేది. బయటికి వినపడేది రబ్బరు మీద పుల్ల పడే తుస్సుతుస్సే. మొదట్లో నాన్నా చూడు, అమ్మా చూడు అనేది. వాళ్ళు పిల్ల చేతులు చూసి, అబ్బో, బాగుంది బంగారం అనేవాళ్ళు. బాగా వాయించిన రోజూ బాగుందనేవాళ్ళు, తప్పు కొట్టిన రోజూ బాగుందనేవాళ్ళు. పెంచలయ్య ఒకసారి, ఏదీ నా చెవికి పెట్టవే అన్నాడు. అంతలో అన్నం చల్లారిపోతోందని అలివేలు పిలిచింది. తర్వాత వింటాలే అన్నాడు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. కొన్నాళ్ళకి నాంచారి చూడమనడం మానేసింది. మెట్ల మీద దెయ్యం ఎదురుపడి, మీరు చాలా మంచివాళ్ళండీ, పైన మనుషులున్నట్టే ఉండదు అంది. ఆ మాటకి అలివేలు మురిసి ఆ రోజు పాయసం చేసింది.

మేళం రోజొచ్చింది. బసవమ్మ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. నాంచారి వంతు రాగానే నిజం డోలు ముందు పెట్టింది. ముందు తాళం వెయ్యమంది. నాంచారి వేసింది. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. జనం ఔరా అన్నారు. అలివేలుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు బసవమ్మ నవ్వి, ఏదీ తల్లీ, చీమ నడిచినట్టు కొట్టు అంది. నాంచారి కొట్టింది, ధన్! చీమమ్మా, చీమ, అంది బసవమ్మ. ధన్! పోనీ ఏనుగు నడిచినట్టు కొట్టు. అదే ధన్! పక్క పిల్లలు నవ్వారు. గడియారం, గడియారం అన్నారు. పిల్ల బిక్కచచ్చిపోయింది. పోనీలే, నీ బలమంతా పెట్టి ఒక్కటి వెయ్యి అంది బసవమ్మ. నాంచారి కళ్ళు మూసుకుని వేసింది.

ఆ చప్పుడు దాని గుండెకే తగిలింది. ఏడాది వాయించిన పిల్ల తన చేతి బలమంతా చెవులారా వినడం అదే మొదటిసారి మరి. అదిరిపడి పుల్లలు కింద పడేసింది. అమ్మ వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది, కింద ఎవరైనా ఉన్నారేమోనని.

బసవమ్మ దాని తల నిమిరి, తాళం నేర్చుకుంది గానీ తాకిడి నేర్చుకోలేదు, ఇంకో ఏడు చూద్దాం అంది. అంతే. మేళం వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక అలివేలు మొదటిసారి ఆ డిప్పలు తన చెవులకి పెట్టుకుంది. వేలితో తాకింది, ధన్. పుల్లతో బాదింది, ధన్. చీమకీ ధన్, ఏనుగుకీ ధన్. అలాగే చాలాసేపు కొడుతూ కూర్చుంది. ఎందుకు చెప్పలేదే నాకు అని కూతుర్ని అడిగింది. చెప్పాననుకుంటా అంది నాంచారి. కోపంగా కూడా అనలేదు.

మర్నాడు అలివేలు ఒక్కతే మస్తాన్ కొట్టుకెళ్ళి, వల బిగించిన ఆ రెండోది తెచ్చింది. చెవుల డిప్పలు తీసి అవతల పారేసింది. చప్పుడు బయటికొచ్చే పెట్టె తగిలించింది. కిటికీలు తెరిచింది. కూతుర్ని కూర్చోబెట్టి, కొట్టమ్మా, గట్టిగా కొట్టు, దెయ్యం వస్తే రానీ, రాజుగారే వస్తే రానీ, నేను చూసుకుంటా అంది. పెంచలయ్య కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

నాంచారి పుల్ల ఎత్తింది. ఎత్తి, మెల్లగా ఆనించింది. పక్కనే ఉన్న తల్లికి కూడా వినపడలేదు.

గట్టిగా కొట్టవే, నా తల్లివి కదూ అంది అలివేలు. గట్టిగానే కొట్టానమ్మా అంది పిల్ల. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని ఆ తల్లి, జన్మలో గొంతెత్తనిది, మేడంతా వినపడేలా అరిచింది. నాంచారి కంగారుపడి లేచి, వాళ్ళమ్మ నోటిమీద చెయ్యి పెట్టింది. "ష్, అమ్మా. ఎవరైనా వింటారు" అంది.

ఏం, నిద్రపోయారా? మేఘూ, ఏడుస్తున్నావేమే? కథేలేవే పిచ్చిదానా, ఇలా రా.

తర్వాతేముంది, అందరూ సుఖంగానే ఉన్నారు. రాజుగారు సుఖంగా ఉన్నాడు. దెయ్యం హాయిగా గురకపెట్టింది. అలివేలుని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. నాంచారి చదువుకుంది, పెద్దదైంది, ఎప్పుడూ ఎవరితోనూ గొడవపడలేదు. నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు. మేళంలోకి మాత్రం వెళ్ళలేదు, మళ్ళీ అడగలేదు.

నీతేమిటంటారా? పెద్ద నీతేం లేదు నాన్నా. చిన్నపిల్లలకి డ్రమ్ము కొనాలంటే ముందు కొనేవాళ్ళు ఆ డిప్పలు చెవులకి పెట్టుకోవాలి. ఒకసారి మెల్లగా కొట్టాలి, ఒకసారి గట్టిగా కొట్టాలి. రెండూ వేరువేరుగా వినపడితేనే ఇంటికి తేవాలి. ఆ తర్వాత కింది ఇంటి సంగతి చూసుకోవచ్చు.

గుమ్మంలోంచి వింటున్నావుటే, నీకే చెప్తున్నా.

సరే, కథ కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం. ఒరే హవీషూ, తన్నితే తన్నావులే మంచాన్ని. పడుకో.