తంతుమతి విప్పనీయని ముడి

పూర్వం, కృతయుగం ముగిసి త్రేతాయుగం ఇంకా పూర్తిగా కళ్లు తెరవని కాలంలో, శీతవాహినీ నదీతీరాన పాటలావతీ నగరాన్ని రాజధానిగా చేసుకొని రుచిరాశ్వుడనే రాజు, శత్రువులకు సింహస్వప్నమై, యాచకులకు కల్పవృక్షమై, ప్రజలను కన్నబిడ్డలవలె పాలిస్తూ ఉండేవాడు. కన్నబిడ్డలవలె అనడం పురాణాల వాడుక. బావమరది తప్పు చేసిననాడు కూడా ఆ రాజుకు బిడ్డలు బిడ్డలుగానే కనిపించారా అన్నదే ఇక్కడి కథ.

ఆ నగరంలో దామకుడనే తాళ్లు పేనేవాడు ఉండేవాడు. ముంజగడ్డిని నానబెట్టి, దంచి, నార తీసి అతడు పేనిన తాడు ఏనుగు లాగినా తెగదని పేరు. అతని భార్య తంతుమతి, మూడు పేటలు కలిపి మెలివేయడంలో భర్తకు ఏమాత్రం తీసిపోనిది. ఒకనాడు రాణి సువర్చలాదేవి తమ్ముడు, మదగజగమనుడు, వేటంటే పడిచచ్చేవాడు అయిన చండకేతుడు గృధ్రశిఖరమనే కొండ చరియలో డేగగూడు చూచి, అందులోని పిల్లలను పట్టితెమ్మని దామకుణ్ణి పిలిపించాడు. రాజబంధువు మాట కాదనలేక దామకుడు శిఖరం మీది మద్దిచెట్టుకు తాడు కట్టి, రెండవ కొసను నడుముకు బిగించుకొని లోయలోకి దిగాడు. సాయంకాలానికి అతని శవం ఇంటికి వచ్చింది. తాడు తెగి పడిపోయాడని, చండకేతుని వెంట వెళ్లిన భటులిద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు.

నేరం జరిగినప్పుడు ఎవరిని సభకు పిలవాలో, ఎవరిని పిలవనక్కరలేదో నిర్ణయించే అధికారం ఆ రాజ్యంలో దండాధికారిది. ఆ పదవిలో ఉన్న బుద్ధిసాగరుడు, పేరుకు సాగరమే, శవం నడుమున మిగిలిన తాడుముక్కను చూచాడు. అది రాళ్లకు ఒరుసుకొని చీలికలు పేలికలై ఉంది. భటుల మాట విని, “పేనినవాని లోపమే, ఎవరిమీదా అభియోగం మోపనక్కరలేదు” అని తాటాకు మీద వ్రాసి ముద్ర వేశాడు. తంతుమతిని పిలవలేదు, అడగలేదు, కనీసం ఎందుకలా నిర్ణయించాడో కబురైనా పంపలేదు.

మూడవనాడు తంతుమతి ఒంటరిగా గృధ్రశిఖరం ఎక్కింది. మద్దిచెట్టుకు తాడు మొదలు ఇంకా కట్టే ఉంది. దాని కొసను చేతిలోకి తీసుకొని చూసింది. తెగిన తాడుకు పేటలన్నీ ఒక్కచోట తెగవు. ఒకటి బెత్తెడు ముందు, ఒకటి జానెడు వెనుక తెగి, నారలు సాగి విరబోసుకుంటాయి. ఈ కొసలో మాత్రం అరటిబోదెను నరికినట్లు మూడు పేటలూ సమంగా ఉన్నాయి. తన భర్త పడలేదు, పడవేశారు.

ఆ తాడుముక్కను చెట్టు నుంచి విప్పి తీసుకొని ఆమె దండాధికారి వాకిట నిలిచింది. “నిర్ణయమైపోయింది పొమ్ము” అన్నాడు బుద్ధిసాగరుడు తల ఎత్తకుండానే. రాజద్వారానికి వెళితే, “దండాధికారి నిర్ణయం మీద మొర అయితే దండాధికారికే చెప్పుకోవాలి” అని ద్వారపాలకుడు వెనక్కి పంపాడు. ఇలా మూడుమార్లు తిరిగింది. కంచే చేను మేస్తుంటే కంచెకే మొర పెట్టుకోమన్నట్లుంది ఆ ఏర్పాటు. ఈలోగా ఊళ్లో మాట పాకింది. “సొంత తాడే తెగి చచ్చినవాడి ఇంటి తాడు బావికైనా పనికిరాదు” అంటూ కొనేవారు ముఖం చాటేశారు. మొగుడు పోయిన దుఃఖం ఒక ఎత్తు, మొగుడి పనితనాన్ని ఊరంతా ఉమ్మివేయడం ఒక ఎత్తు అయింది ఆమెకు.

అంతలో రాజు, వానలకోసం వరుణదేవుని ఉద్దేశించి పన్నెండు దినాల యాగం తలపెట్టాడు. యాగం చివర నదిలో చేసే అవభృథస్నానంలో రాజు చేయిపట్టుకొని మునిగినవానికి అంతకుముందటి దోషాలన్నీ కడుక్కుపోతాయనీ, ఆపైన వానిమీద పాత అభియోగమేదీ నిలవదనీ ఆ రాజ్యపు కట్టడి. ఈసారి రాజు చేయిపట్టి మునిగేది చండకేతుడేనని చాటింపు వేశారు. ఆ మునక మునిగాడంటే దామకుని చావు ఇక ఏ సభకూ ఎక్కదు.

యాగంలో రాణి నడుముకు ముంజతాడు కడతారు. అది వరుణపాశానికి గుర్తు. దానిని పేని, రాణి నడుమున ముడివేసే హక్కు తరతరాలుగా దామకుని ఇంటిది. భర్త పోయినదాని చేత వేయిస్తారా అని పురోహితులు గొణిగినా, ఆ ముడి మరెవరికీ రాదు కనుక తంతుమతినే పిలిచారు. స్నానానికి ముందు ముడి విప్పేటప్పుడు, వేసినవారిని ఒక్కమాట అడగాలి: విప్పవచ్చునా అని. వేసినవారు విప్పండి అంటారు. పాశం వేసినవారి అనుమతి లేనిదే వదలదని పూర్వం వరుణుడే పెట్టిన నియమమట. ఎన్ని తరాలు గడిచాయో, ఎన్ని యాగాలు జరిగాయో, ఆ ప్రశ్నకు మరో జవాబు ఉంటుందని ఎవరికీ తోచలేదు.

పన్నెండవనాటి ఉదయం నదీతీరం కిటకిటలాడిపోయింది. భేరీలు మ్రోగుతున్నాయి. మధ్యాహ్నం దాటితే ముహూర్తం దాటిపోతుందని పురోహితులు తొందరపెడుతున్నారు. ఉపవాసంతో వాడిన రాణి దర్భాసనం మీద కూర్చుంది. ప్రధాన ఋత్విక్కు, “ఓ రజ్జుకర్త్రీ! వరుణపాశస్వరూపమైన ఈ గ్రంథిని విప్పవచ్చునా?” అని అడుగుతూనే, జవాబు కోసం ఆగకుండా ముడిమీద వేళ్లు పెట్టాడు.

తంతుమతి అతని వేళ్లవైపు చూస్తూ, “విప్పకండి” అంది.

ఋత్విక్కు చేయి వెనక్కి తీసుకున్నాడు. భేరీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రుచిరాశ్వుడు కనుబొమలు ముడివేసి, “ఏమన్నావు?” అన్నాడు.

“విప్పవద్దంటున్నాను మహారాజా. నన్ను అడిగారు. చెప్పాను.”

చండకేతుడు భగ్గుమన్నాడు. “తాళ్లు పేనుకొనే ఆడుది యాగాన్ని ఆపడమా! విప్పేదేమిటి, కోసివేస్తే సరి!” అని కత్తి దూసి రాణి వైపు రెండడుగులు వేశాడు.

“కోయడం ఆయనకు అలవాటే మహారాజా” అంది తంతుమతి.

ఆ మాటకు జనంలో కలకలం పుట్టింది. యాగసభలో సాక్షిగా కూర్చున్న తృణాశనమహర్షి, గడ్డిపరకలే ఆహారంగా వేయేండ్లు తపస్సు చేసిన జితేంద్రియుడు, మెల్లగా లేచి, “ఆగుము చండకేతూ! పాశాన్ని కోసితివా, యాగాన్నే కోసినట్లు. రాజా! ఆమె మాట విను” అన్నాడు.

రాజు కోపాన్ని దిగమింగి, “ఏమి కావాలి నీకు? మా బావమరదికి శిక్షయా?” అని అడిగాడు.

“శిక్ష అడగడం లేదండి. నా పెనిమిటి చావు మీద విచారణ అక్కర్లేదని ఒకరు అన్నారు. ఎందుకో నాకు చెప్పలేదు. ఆ మాటని ఇంకొకరు చూడాలి. చూసి వాళ్లూ అక్కర్లేదంటే, ఇదే నోటితో విప్పమంటాను.”

“బుద్ధిసాగరుడు ఉండగా ఇంకొకరెందుకు?”

“ఆయన దగ్గరికి మూడుసార్లు పోయాను మహారాజా. తను వద్దన్న మాటని తనే కాదంటాడా?”

ఎండ పైకెక్కుతోంది, రాణి పెదవులు తడి ఆరిపోతున్నాయి. చివరకు రాజు మహర్షికి చేతులు జోడించి, “తపోధనా! ఈ నిర్ణయాన్ని తామే పరిశీలించండి” అన్నాడు.

చెట్టుకు మిగిలిన తాడుముక్కను తంతుమతి మహర్షి ముందు పెట్టింది. ఆయన ముందుగా దండాధికారిని పిలిచి, “చెట్టుకు మిగిలిన కొసను చూచితివా?” అన్నాడు.

“లేదు స్వామీ. అక్కరలేదనుకున్నాను.”

“ఈమెను అడిగితివా?”

“అదీ లేదు స్వామీ.”

అప్పుడు మహర్షి దామకుడు పేనిన మరొక తాడు తెప్పించి, రెండు రాజగజాలకు చెరొక కొస కట్టించి లాగించాడు. తాడు తెగదే! జనం చూస్తుండగా, మావటివారు మళ్లీ మళ్లీ అదిలించగా, చాలాసేపటికి అది ఫెళ్లున తెగింది. కొసలు రెండూ నారలు నారలుగా విరబోసుకున్నాయి. వాటి పక్కన తంతుమతి తెచ్చిన ముక్కను పెట్టి మహర్షి అందరికీ చూపించాడు. చెప్పవలసిన అవసరం లేకపోయింది.

“ఆ కొస తరువాత ఈమెయే కోసి ఉండవచ్చును!” అని అరిచాడు చండకేతుడు.

“కావచ్చును” అన్నాడు మహర్షి.

ఇంతదూరం వచ్చి ఇక్కడ పోతుందా అనుకుంది తంతుమతి.

“కావచ్చును. ఆ సంశయం విచారణలో తేలవలసినది. సంశయముందని విచారణనే మానుట న్యాయము కాదు. రాజా! అభియోగం మోపదగినదే. దండాధికారి నిర్ణయం చెల్లదు.”

ఆ మాట పూర్తికాకముందే చండకేతుడు రాజు ముంజేయి ఒడిసిపట్టి, ముడి విప్పకుండానే మునిగిపోదామని నదివైపు ఈడ్చాడు. రాజు చేయి విదిలించుకున్నాడు. అయినా ఆగక అతడు ఒక్కడే పరుగెత్తాడు. నీరు అతని పాదానికి అందలేదు. అతడొక అడుగు వేస్తే శీతవాహిని రెండడుగులు వెనక్కి తగ్గింది. మడిమల దాకా, మోకాళ్ల దాకా బురదలో కూరుకుపోతూ, ఒక్క చుక్కయినా తాకలేక, చివరకు బోర్లా పడ్డాడు. దూరాన నీళ్లు గోడలా లేచాయి. ఆ గోడలోనుండి మకరవాహనుడు, పాశహస్తుడు, సత్యానృతసాక్షి అయిన వరుణదేవుడు సాక్షాత్కరించాడు. అది చూచి, ఆనాడు చండకేతుని వెంట వెళ్లిన భటులిద్దరూ రాజు కాళ్లపై పడి, డేగపిల్లలు దొరకలేదని దామకుడు పైకి వస్తుండగా, వట్టిచేతులతో వచ్చాడన్న కోపంతో చండకేతుడే తాడు కోశాడని ఏడుస్తూ చెప్పారు.

“తల్లీ!” అన్నాడు వరుణుడు మేఘగంభీరస్వరంతో. “మృతులు యమధర్మరాజు అధీనులు, నీ భర్తను తెచ్చి ఇవ్వజాలను. వీనిని మాత్రం ఇప్పుడే నా పాశంతో కట్టి అగాధజలాలలో పడవేయగలను. కోరుము.”

తంతుమతికి ఔనని అరవాలనిపించింది. బురదలో కొట్టుకుంటున్నవాణ్ణి చూస్తూ పిడికిళ్లు బిగించింది. ఎన్ని రాత్రులు కోరుకుంది ఇదే! కాని ఆ పిడికిళ్లు విప్పి, చేతులు జోడించి ఇలా అంది:

“వాడిని సభకే అప్పజెప్పండి స్వామీ. నా గోడు విన్నట్టే వాడు చెప్పేదీ వినాలి. నాకిచ్చే వరం వేరే ఉంది. నష్టపోయినవాళ్ల మొర మీద ఎవరైనా విచారణ వద్దంటే, ఎందుకు వద్దన్నారో వాళ్ల ముఖాన చెప్పాలి. వాళ్లు అడిగితే ఆ మాటని మళ్లీ చూడాలి. చూసేవాడు ముందు వద్దన్నవాడు కాకూడదు. నాకైతే ముడి ఉంది కాబట్టి ఆపగలిగాను. ముడి లేనివాళ్లు ఏం చేస్తారు తండ్రీ?”

వరుణుడు చేయెత్తి, “తథాస్తు! సూర్యచంద్రులున్నంత కాలం ఇది ధర్మమై నిలుచుగాక. ఈ వృత్తాంతాన్ని విన్నవారికి అడిగే గొంతు, అడిగించుకొనేవారికి వినే చెవి కలుగుగాక” అని పలికి అంతర్ధానమయ్యాడు. రాజభటులు చండకేతుణ్ణి బురదలోంచి లాగి బంధించాక నది మళ్లీ ఒడ్డును తాకింది. రుచిరాశ్వుడు సిగ్గుతో తల వంచి, “అమ్మా, బంధుప్రీతి నా కళ్లు కప్పింది. ఇప్పుడైనా విప్పవచ్చునా?” అని తానే అడిగాడు. తంతుమతి సరేనన్నది. స్నానం ముగిసేసరికి చినుకులు మొదలయ్యాయి.

పక్షం రోజులు సభ జరిగింది. చండకేతుని మాటలూ, భటుల మాటలూ, తంతుమతి మాటలూ విని, నేరం రుజువైనదని తేల్చి, అతనికి యావజ్జీవం కారాగారం విధించారు. బుద్ధిసాగరుడు తన ముద్రను రాజుకు అప్పగించి, తంతుమతి గుమ్మానికి వచ్చి క్షమించమన్నాడు. ఆమె లోపలికి రమ్మనలేదు.

మరునాడు ఆమె వాకిట్లో ముంజగడ్డి దంచుతుండగా వీధి మొగలో దండోరా వినిపించింది. “దామకుడు పేనిన తాడు తెగలేదు! కోయబడినది! దామకుడు చంపబడినాడు! రాజాజ్ఞ!” అని చాటుతూ చాటింపువాడు వీధి వీధీ తిరుగుతున్నాడు. తంతుమతి రోకలి పక్కన పెట్టి, తడిచేతులు ముఖానికి కప్పుకొని, భర్త పోయిన ఇన్నాళ్లకు నలుగురూ చూస్తుండగా బిగ్గరగా ఏడ్చింది.