ధీరచైతన్య విప్పిన స్టీరింగు

ధీరచైతన్యకు కారు మీద కోపం వచ్చింది.

సన్యాసి కదా, నోటితో తిట్టకూడదు. అందుకని పళ్లు బిగించి, స్క్రూడ్రైవరు పిడికిట్లో గట్టిగా పట్టుకుని "నారాయణ, నారాయణ" అంటున్నాడు. వినేవాళ్లకు మాత్రం అది నామజపంలా లేదు.

సంగతి చెబుతాను, వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి. సింగరాయకొండ దాటాక, హైవేకి కాస్త లోపలగా, సరుగుడు తోపుల మధ్య నిరామయానంద స్వామివారి ఆశ్రమం ఉండేది. ఒక ధ్యానమందిరం, ఒక వంటశాల, వరసగా కొన్ని గదులు, ఒక పెద్ద కారు. కారు ఎక్కడిదంటారా? విశాఖపట్నంలో ఓడల వ్యాపారం చేసే భక్తుడొకాయన కొత్తది కొనుక్కుని, పాతది స్వామివారి పాదాల దగ్గర పెట్టి వెళ్లాడు. పాతదే గానీ విదేశాల్లో తయారైంది. మన రోడ్లు చూసి అది ఎన్నిసార్లు కంగారు పడిందో ఆ భగవంతుడికే తెలియాలి.

ఆ కారులో ఒక సౌకర్యం ఉంది. స్టీరింగు పక్కన ఉండే కాడ చివర చిన్న మీట. హైవే మీద ఒక వేగంలో పోతూ ఆ మీట నొక్కితే, ఇక కాలు తీసేయొచ్చు. బండి అదే వేగంతో తనంతట తాను పోతూ ఉంటుంది. బ్రేకు మీద కాలు ఆనించగానే మళ్లీ మన చేతికొస్తుంది. క్రూజ్ కంట్రోల్ అంటారు.

ఇప్పుడది పనిచేయడం లేదు. మీట నొక్కితే బండి ఆ వేగాన్ని పట్టుకోవడం లేదు.

ఇందులో ఇంత కోపమెందుకు అంటారేమో. ఎందుకంటే, టెక్కలి దగ్గర ఆశ్రమానికి కొత్త శాఖ కట్టారు. దానికి ధీరచైతన్యే అధిపతిగా వెళ్తాడని అందరూ అనుకుంటున్నారు. ధీరచైతన్య అందరికంటే ఎక్కువగా అనుకుంటున్నాడు. కానీ ఆ కొత్త శాఖ తాళంచెవి ఇంకా స్వామివారి కొంగుముడిలోనే ఉంది. అడిగితే స్వామివారు నవ్వి, "బండి బాగవనీ నాయనా, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. టెక్కలంటే పక్కూరు కాదు. ధీరచైతన్యకు కుడి మోకాలు సరిలేదు. అంతదూరం కాలితో తొక్కుకుంటూ పోవడం తన వల్ల కాదని అతనికీ తెలుసు, స్వామివారికీ తెలుసు. అంచేత ఆ మీట పనిచేయాలి. చేస్తే టెక్కలి. లేకపోతే సరుగుడు తోపు.

పైగా అతనికి కరెంటు పని రానిదేం కాదు. కాషాయం కట్టకముందు చీరాలలో మోటార్లు చుట్టే షాపులో పనిచేశాడు. ఇల్లు వదిలాడు, పేరు వదిలాడు, టెస్ట్ ల్యాంపు మాత్రం వదల్లేదు. ఒక చిన్న బల్బు, రెండు తీగలు. ఎక్కడ కరెంటు ఉందో, ఎక్కడ లేదో అది చెబుతుంది. దాన్ని తీసుకుని పనిలో దిగాడు.

ముందు ఫ్యూజులు చూశాడు. బాగున్నాయి. స్టీరింగు కింద ప్లాస్టిక్ తొడుగు విప్పాడు. లోపల తీగలు పేగుల్లా చుట్టుకుని ఉన్నాయి. ఇండికేటర్‌కి ఒకటి, వైపర్‌కి ఒకటి, హారన్‌కి ఒకటి, ఈ మీటకు కొన్ని. ఒక్కొక్కదాన్నే పట్టుకుని చూస్తూ పోయాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క తీగ మాత్రం ఎర్త్, అంటే కరెంటు తిరిగి పోయే దారి, చూపించడం లేదు. ఎంత తడిమినా చచ్చిన తీగలాగే ఉంది. "దొరికావు" అనుకున్నాడు. స్టీరింగు లోపలే ఎక్కడో తెగి ఉంటుందని నిర్ణయించుకుని, చక్రం మొత్తం ఊడదీశాడు.

ఆయనగారు నిర్ణయించుకుంటే అంతే, ఇక ఎవరి మాటా చెవిన పడదు.

వంటశాలలోంచి చెంచమ్మ వచ్చింది. ఆశ్రమం పుట్టినప్పటి నుంచీ వంట ఆమెదే. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "సామీ, ఆరాధన నాడు నువ్వు దాచమని ఇచ్చిన మూట..." అని మొదలుపెట్టింది.

"తర్వాతమ్మా."

"అది కాదు సామీ, పసుపు డబ్బా పక్కన పెట్టాను, పొరపాటున ఎవురన్నా..."

"చెంచమ్మా, తర్వాత అన్నానా లేదా?"

ఆమె నిలబడి ఆ విప్పిన కారును చూసి, మామిడికాయను కోసి లోపల పురుగు వెతుకుతున్నట్టుందే అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

తర్వాత మాలకొండయ్య వచ్చాడు. ఉలవపాడు వైపు నుంచి పాలవ్యాను తోలుకొస్తాడు. మామూలుగా పాలు దింపి దణ్ణం పెట్టి వెళ్లేవాడు, ఆరోజు వచ్చీ రాగానే గొడవకు దిగాడు. కొద్దిరోజుల్లో రెండుసార్లు ఈ కారును గుద్దబోయి తప్పించుకున్నాడట. హైవే మీద ధీరచైతన్య ముందు పోతున్నాడట, ఉన్నట్టుండి ఆపేశాడట.

ధీరచైతన్య తల కూడా ఎత్తకుండా, ముందున్న బండికి దూరంగా తోలుకోవాలని తెలీదా అన్నాడు.

"మోక్షం మీకు కావాలి సామీ, నాకిప్పుడే వద్దు" అన్నాడు మాలకొండయ్య. "ఇంటికాడ గేదెలున్నాయి."

అని స్వామివారి గది వైపు నడిచాడు. ధీరచైతన్యకు మండిపోయింది. ఒక పక్కన బండి, ఒక పక్కన మనుషులు. ఏకాగ్రతతో పని చేసుకుందామంటే ఎవరో ఒకరు వెనక నుంచి వచ్చి ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఆ ముందు ఆదివారం కూడా ఇదే గోల. తనకు కారు పని ఉందని సత్సంగం ఆపేశాడు. అంతే కదా. ఉలవపాడు నుంచి ముసలీముతకా ఎండలో నడిచొచ్చి, మందిరం తలుపు మూసి ఉండటం చూసి, మెట్ల మీద కూర్చుని లేచి వెళ్లారట. చెంచమ్మ చేసిన పులిహోర గుండిగ నిండా అలాగే మిగిలిపోయిందట. ఆపాలనిపించింది, ఆపాడు. దానికి ఇంత రాద్ధాంతమా?

సరే, స్టీరింగు మళ్లీ బిగించాడు. మీట నొక్కితే బండి పట్టుకోలేదు గానీ, కొత్త వింత ఒకటి మొదలైంది. ఎడమకు ఇండికేటర్ వేస్తే హారన్ మోగుతోంది. అది అతనికి ఎప్పుడు తెలిసిందంటే, ఉదయం ధ్యానం మధ్యలో. లోపల అందరూ కళ్లు మూసుకుని మౌనంలో ఉన్నారు. బయట ఈయన కాడ కిందికి నొక్కాడు. ఆ విదేశీ హారన్ సరుగుడు తోపంతా దద్దరిల్లేట్టు మోగింది. కాకులు లేచాయి. లోపల ఒకాయన జపమాల ఎగిరి పక్కాయన ఒళ్లో పడింది.

స్వామివారు కళ్లు తెరవకుండా, "ఎవరో వచ్చినట్టున్నారు, చూడండి" అన్నారు.

మళ్లీ విప్పాడు. హారన్ సరి చేశాడు. ఇప్పుడు ఇండికేటర్ వేస్తే వైపర్లు ఊగుతున్నాయి, వాన లేదు, ఏం లేదు. మళ్లీ విప్పాడు. తీగలకు రంగు దారాలు కట్టి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని, అన్నీ మొదట ఉన్నట్టే అమర్చాడు. హారన్ హారన్‌లా మోగింది. వైపర్లు బుద్ధిగా పడుకున్నాయి. మీట నొక్కితే మాత్రం బండి ససేమిరా అంది. ఆ ఒక్క తీగ అలాగే చచ్చి ఉంది.

అప్పుడు, పాపం, అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మోకాలి నొప్పితో చాలాసేపు స్టీరింగు కింద ముడుచుకుని పడుకున్నవాడు. లేచి, గ్రీజు చేతులతోనే స్వామివారి గది ముందుకెళ్లి నిలబడ్డాడు.

"స్వామీ, ఈ బండి నా ప్రాణం తీస్తోంది. మీట బాగుంది, తీగలు బాగున్నాయి, నేను చేయాల్సిందంతా చేశాను. అయినా నా మీద నమ్మకం లేనట్టు కదలనంటోంది. తాళంచెవి ఇవ్వడం మీకు ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. నేను సరుగుడు ఆకులు ఊడ్చుకుంటూ ఉంటాను."

ఆఖరి మాటలు ఎలా వచ్చాయో అతనికే తెలియలేదు. తల దించుకున్నాడు.

స్వామివారు కర్ర అందుకుని లేచారు. కారు దగ్గరికొచ్చారు. ఎప్పుడూ వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చునే మనిషి, ఆరోజు ముందు తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూర్చున్నారు. కాషాయం సర్దుకుని, కింద ఉన్న పెడళ్లను పరీక్షగా చూశారు.

"ఇందులో ఆపేది ఏది నాయనా?"

"మధ్యది స్వామీ." ధీరచైతన్యకు భయం వేసింది. "అయినా మీరెందుకు..."

"నువ్వెళ్లి కారు వెనక నిలబడు."

వెళ్లి నిలబడ్డాడు. చెంచమ్మ కూడా వంటశాల గుమ్మంలోకి వచ్చి చూస్తోంది. స్వామివారు అద్దం లోంచి అతన్ని చూస్తూ అడిగారు.

"ఏం కనిపిస్తోంది?"

"కారు స్వామీ."

"ఇప్పుడు?"

"కారే స్వామీ."

"సరిగ్గా చూడు. ఇప్పుడు?"

"అదే కారు స్వామీ, ఏం మారలేదు."

"ఈ మూడుసార్లలో నేను ఆ ఆపేదాన్ని ఎప్పుడు తొక్కానో చెప్పు."

ధీరచైతన్య వంగాడు. కారు వెనక, రెండు వైపులా ఉన్న ఎర్ర అద్దాలను చూశాడు. లోపల ఖాళీగా, చీకటిగా ఉన్నాయి.

అతనికి గుర్తొచ్చింది.

స్వామివారికి గురువైన పరమగురువుల ఆరాధన నాడు ఈ కారునే రథంలా అలంకరించి ఊరేగించారు. వెనకవైపు మల్లెల మంటపం కట్టి, అందులో పరమగురువుల పటం పెట్టారు, వెనక నడిచేవాళ్లకు దర్శనం అవుతుందని. ఊరేగింపు కదా, అడుగడుగుకీ బ్రేకు వేయాలి. వేసినప్పుడల్లా బ్రేకు దీపాల ఎర్రటి వెలుగు తెల్లటి పూల మీద, పరమగురువుల పాదాల మీద పడుతోంది. అది అతనికి అపచారంలా తోచింది. బల్బులు రెండూ పీకేసి, గుడ్డలో మూట కట్టి, దాచమని చెంచమ్మకిచ్చాడు. భక్తితో చేసిన పనే. పూలు విప్పారు, పటం లోపల పెట్టారు, ప్రసాదం పంచారు. బల్బులు మాత్రం మరిచిపోయాడు.

ఆ మాట చెప్పడానికే చెంచమ్మ వచ్చింది. ఆ మాట తెలియకుండానే మాలకొండయ్య చెప్పిపోయాడు.

"చెంచమ్మా" అన్నాడు. "ఆ మూట..."

"తర్వాత అన్నావుగా సామీ" అంది చెంచమ్మ. అంటూనే లోపలికెళ్లి తెచ్చిచ్చింది. గుడ్డకు పసుపు అంటుకుని ఉంది.

బల్బులు రెండూ పెట్టాడు. స్వామివారు బ్రేకు తొక్కారు. రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. ఎందుకో అనుమానం వచ్చి, స్వామివారు కాలు తీశాక ధీరచైతన్య టెస్ట్ ల్యాంపు తీసుకుని ఆ చచ్చిన తీగను ముట్టుకున్నాడు. టెస్ట్ ల్యాంపు వెలిగింది. ఆ తీగ స్టీరింగు లోపల ఎక్కడా తెగలేదు. కారు ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోయి, ఆ బ్రేకు బల్బుల గుండానే ఎర్త్ అందుకుంటోంది. అక్కడ బల్బు లేకపోతే ఇక్కడ బండి పట్టుకోదు. దాన్ని తయారుచేసినవాళ్లు అలా కట్టారు.

స్వామివారిని దింపి, కారును హైవే మీదికి తీసుకెళ్లాడు. వేగం అందుకోగానే మీట నొక్కాడు. బండి పట్టుకుంది. కాలు తీశాడు. సరుగుడు తోపులు వెనక్కి జారిపోతున్నాయి, బండి తనంతట తాను పోతోంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఘడియ. కానీ అతని ముఖంలో నవ్వు లేదు. కాసేపు అలా పోయి, బ్రేకు మీద కాలు ఆనించి, అద్దంలో వెనక ఎవరున్నారో చూసుకుని, తిప్పుకుని వచ్చాడు.

స్వామివారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"పనిచేస్తోందా?"

"చేస్తోంది స్వామీ."

తాళంచెవి గురించి ధీరచైతన్య అడగలేదు. స్వామివారు ఇస్తాననీ అనలేదు. కారు అద్దం మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా అన్నారు.

"ఆగడం తప్పు కాదు నాయనా. వెనక ఉన్నవాళ్లకు తెలియాలి."

ధీరచైతన్య చెంచమ్మను పిలిచి, ఆదివారం సత్సంగానికి పులిహోర మళ్లీ చేయగలవా అని అడిగాడు. చింతపండు నానబెట్టమంటే నానబెడతానంది. నానబెట్టమన్నాడు.

గేటు దాటి హైవే ఎక్కాడు. టెక్కలికి పోవాలంటే ఎడమకు తిరగాలి. అతను కుడికి, ఉలవపాడు వైపు తిరిగాడు. ఖాళీ క్యాన్లతో ఇంటికి పోతున్న మాలకొండయ్య వ్యాను సరిగ్గా అతని వెనకే ఉంది. కొంత దూరం పోయాక కారు నెమ్మదించింది. వెనక రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. వ్యాను కూడా నెమ్మదించింది.

గేటు దగ్గర నుంచి స్వామివారు ఆ దీపాలు కనిపించినంతసేపు చూశారు. తర్వాత కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి చెంచమ్మ చేతిలో పెట్టారు.

"వాడు తిరిగి రాగానే ఇవ్వు" అన్నారు.