తవిటమ్మ పార దించిన రోజు

అనగనగా, సముద్రం ఇప్పటికన్నా ఊరికి దగ్గరగా ఉన్న రోజుల్లో, ఉప్పు మడుల్లో పనిచేసే తవిటమ్మ అనే మనిషి ఉండేది. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఈమెని తవుడుకి అమ్మి మళ్ళీ కొనుక్కున్నారట కన్నవాళ్ళు. అందుకే ఆ పేరు. మొగుడు సముద్రం మీద చేపల వేటకి పోయి తిరిగి రాలేదు. ఒంటి మనిషి. చెక్కపార పట్టి ఉప్పు లాగిందంటే మగవాళ్ళు కూడా ఆగి చూసేవారు.

ఆ మడులకి పెత్తందారు భూషణం. ఎవరికి పని ఉండాలో, ఎవరికి ఊడాలో అతనే చెప్పాలి. ఒక మిట్టమధ్యాహ్నం గోనెలు తెమ్మని తవిటమ్మని ఉప్పుకొట్లోకి పంపాడు. వెనకే తానూ వెళ్ళి గడియ పెట్టాడు. ఆమె అరిచింది, రక్కింది. అతని బలం ముందు ఆమె బలం చాల్లేదు.

బయటపడ్డాక తవిటమ్మ సముద్రంలోకి పోయి నిలబడింది. ఎంత కడుక్కున్నా ఒళ్ళు తనది కానట్టే ఉంది. ముద్ద దిగలేదు. గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడేది.

సంగతి ఊళ్ళో గుసగుసగా పాకింది. మొదటి రోజు అత్త వచ్చి, నోరు విప్పితే పరువు పోతుందంది. తప్పు నాది కాదు, అంది తవిటమ్మ. రెండో రోజు కులపెద్ద వచ్చి, ఊరు విడిచి పొమ్మన్నాడు. తప్పు నాది కాదు, అంది తవిటమ్మ. మూడో రోజు పూజారి వచ్చి, గుండు చేయించుకుని మూడు మునకలు వేస్తే మైల పోతుందన్నాడు.

"మైల ఆడిది. ముంచితే ఆడ్ని ముంచండి" అంది తవిటమ్మ.

నాలుగో రోజు పొద్దున్నే మడుల్లోకి నడిచింది. భూషణం గట్టు మీద గొడుగు కింద కూర్చున్నాడు. తవిటమ్మ మడి నడుమ నిలబడి, పార దించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. పేరు పెట్టి చెప్పింది. తల వంచలేదు.

భూషణం నవ్వి, పని కానివ్వమన్నాడు. పారలు మళ్ళీ కదిలాయి. తవిటమ్మ కదల్లేదు. మొదటినుంచి మళ్ళీ చెప్పింది.

అప్పుడు కొర్లమ్మ అనే ముసలామె పార దించి, వచ్చి పక్కన నిలబడింది.

"నాకూ జరిగింది. అదే కొట్లో, ఈడి అయ్య సేతిలో. మా అమ్మకి కూడా సెప్పుకోలేకపోనాను" అంది.

తవిటమ్మ మూడోసారి చెప్పింది. ఈసారి ఒక్కొక్క పారే దిగింది. ఆడవాళ్ళవీ దిగాయి, మగవాళ్ళవీ దిగాయి.

భూషణం బెదిరించాడు, బతిమాలాడు. ఎవరూ పార ఎత్తలేదు. ఈలోగా మబ్బు పట్టింది. వాన కురిసి, లాగకుండా వదిలేసిన ఉప్పంతా కరిగిపోయింది. ఆ ఏడు ఊరు గంజి తాగి బతికింది. తవిటమ్మని ఎవరూ తిట్టలేదంటే అబద్ధమే, తిట్టారు. కానీ భూషణం ఉన్నన్నాళ్ళూ పార మాత్రం ఎవరూ ముట్టలేదు. చివరికి తవిటమ్మని ఊరు విడవమన్న కులపెద్దే వెళ్ళి, ఆ మాట భూషణానికి చెప్పాల్సి వచ్చింది. అతను ఊరు విడిచిపోయిన రోజున ఆడవాళ్ళు ఉప్పుకొట్టు తలుపు పీకి, పొయ్యిలో పెట్టి గంజి కాచారు.

ఆ సంగతి చుట్టుపక్కల పాకింది. ఆపద పడ్డ ఆడవాళ్ళు ఎక్కడెక్కడినుంచో తవిటమ్మ గుడిసెకి వచ్చేవారు. ఎందుకెళ్ళావు అని ఆమె అడిగేది కాదు. ఎందుకు అరవలేదు అని అడిగేది కాదు. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు అనీ అడిగేది కాదు. గంజి పోసి పక్కన కూర్చునేది. చెబితే వినేది, చెప్పకపోతే ఊరుకునేది. పెద్దల ముందుకి వెళ్తానన్నవాళ్ళకి తోడు నడిచేది.

ఈ భయం ఎప్పటికైనా పోతుందా అని ఒక పిల్ల అడిగిందట.

"నాకూ ఇప్పటికీ తలుపు సప్పుడైతే గుండె అదురుద్దమ్మా. అదిరినా నానే లేసి తీత్తాను" అంది తవిటమ్మ.

నిండా బతికి పోయింది. పాడె ఆడవాళ్ళే మోశారు.

ఆ మడుల్లో ఇప్పటికీ ఏ ఆడమనిషైనా నడుమన నిలబడి పార దించిందంటే, అందరూ దించుతారు. ఆమె ఎత్తేదాకా ఎవరూ ఎత్తరు. కొత్తగా వచ్చిన పెత్తందారెవరైనా పని ఎందుకు ఆపారని గద్దిస్తే, ఒకటే జవాబు చెబుతారు:

"ఉండు. తవిటమ్మ మాట్లాడతంది."