కారు రేడియోలో అమ్మమ్మ

భిలాయిలో తెలుగువాళ్ళ ఇళ్ళు చాలానే ఉన్నాయి గానీ, తెలివి మాత్రం తమ ఇంట్లోనే కాపురం ఉంటోందని వరాహమూర్తి నమ్మకం. భార్య సింహాద్రమ్మదీ, తమ్ముడు గౌరీశందీ అదే నమ్మకం. "పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఇంతకంటే తెలివేముంటుంది?" అనేవాళ్ళు. ఎదుటివాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు. అంతే, నమ్మకం ఇంకాస్త బలిసేది.

వాళ్ళకి నాలుగేళ్ళ పాప, నీలవేణి. పార్వతీపురంలో ఉన్న అమ్మమ్మని ఊహ తెలిశాక చూడనే లేదు. అమ్మమ్మ పైడమ్మకి అక్కడ టిఫిన్ బండి ఉంది. పొద్దున ఇడ్లీలు, సాయంత్రం పునుగులు. బండి కట్టేశాక మనవరాలిని నిద్రపుచ్చడానికి నాలుగు మాటలు రికార్డు చేసి ఫోన్‌కి పంపేది.

వేసవిలో కారులో పార్వతీపురం వెళ్దామనుకున్నారు. సింహాద్రమ్మకి బెంగ పట్టుకుంది.

"ఏవండీ, పిల్ల మా అమ్మని గుర్తుపట్టకపోతే? కొత్తమనిషిని చూసినట్టు చూస్తే ఆవిడ తట్టుకోగలదా?"

"దారి పొడుగునా ఆవిడ గొంతు వినిపిద్దాం. చేరేసరికి అలవాటైపోతుంది," అన్నాడు వరాహమూర్తి.

ఆలోచన బాగానే ఉంది. కారే పాతది. కంపెనీవాడు బిగించిన రేడియో, అందులో క్యాసెట్టు పెట్టే సందు, అంతకు మించి ఏమీ లేదు. ఫోన్ శబ్దమేమో ఇంజను మోతలో కలిసిపోతుంది. గౌరీశం ఆ సందులో ఫోన్‌నే దూర్చబోయాడు. పట్టలేదు.

"వదినా, కాస్త ఆముదం ఇలా తే. బిగిసిన ఉంగరానికి అదే కదా రాస్తాం."

ఇంకేముంది, ఫోన్‌కి ఆముదం, రేడియోకి ఆముదం, సీట్లకి ఆముదం.

చివరికి కారు తీసుకెళ్తే, మెకానిక్ అదంతా తుడిచి, వాళ్ళ చేతికో వస్తువు ఇచ్చాడు. చూడ్డానికి క్యాసెట్టే, కాకపోతే తోకలాగా సన్నటి తీగ వేలాడుతోంది. "ఈ రేడియో చాలు, మార్చకండి. దీన్ని సందులో పెట్టి, తీగ కొస ఫోన్‌కి గుచ్చండి. ఫోన్లో గొంతు తీగ గుండా రేడియోలోకి పోతుంది."

"పోతే మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అంది సింహాద్రమ్మ.

"ఎక్కడికీ పోదమ్మా."

"పోతుందని ఇప్పుడే కదయ్యా అన్నావు."

మెకానిక్ వెళ్ళి ఇంకో కారు కింద దూరాడు.

బయల్దేరారు. గొంతు పైనుంచి వదిలితే సాఫీగా దిగుతుందని గౌరీశం ఫోన్‌ని కారు కప్పుకి ఆనించి పట్టుకున్నాడు. తీగ బిర్రుగా నిలబడింది. రేడియో కాస్త గురగురలాడి, పలికింది.

"నీలీ, కాళ్ళు కడుక్కున్నావా తల్లీ?"

పాప మొహం వెలిగిపోయింది. "అమ్మమ్మ డబ్బాలో ఉంది," అని రేడియోకి ముద్దు పెట్టింది.

పెద్దవాళ్ళు ముగ్గురూ మాత్రం కాళ్ళకేసి చూసుకున్నారు. కడుక్కోలేదు. పెద్దావిడ అడిగాక ఊరుకుంటారా? తాగే నీళ్ళన్నీ కారులోనే కాళ్ళమీద పోసుకున్నారు.

"కిటికీ వేసుకో, దోమలొస్తాయి," అంది రేడియో. మండుటెండలో అద్దాలన్నీ ఎక్కించేశారు.

"దుప్పటి కప్పుకో."

"అన్నయ్యా, ఉడికిపోతున్నాను," అన్నాడు గౌరీశం దుప్పట్లోంచి.

"నోర్ముయ్. అత్తయ్య వింటారు."

"ఇంక కళ్ళు మూసుకో, బంగారూ."

వరాహమూర్తి కాసేపు తటపటాయించాడు. బండి నడుపుతున్నది తనే. కానీ పెళ్ళయినప్పటినుంచీ అత్తగారి మాట కాదనలేదు. మూసుకున్నాడు. అంతే, కారు మెల్లగా రోడ్డు దిగి, గట్టు ఎక్కి, గడ్డివాములో దూరి ఆగింది.

రైతు పరుగెత్తుకొచ్చాడు. "బండి నడుపుతూ కళ్ళెందుకు మూశావయ్యా?"

"మా అత్తగారు మూసుకోమన్నారండీ."

"ఆవిడేరీ?"

ముగ్గురూ రేడియో వైపు చూపించారు. రైతు లోపలికి తొంగిచూసి, కారుని వెనక్కి తోసిపెట్టాడు.

సాయంత్రానికి పార్వతీపురం చేరారు. కారు టిఫిన్ బండి ముందు ఆగగానే పైడమ్మ పునుగుల గరిటె పక్కనబెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "రావే నా తల్లీ," అంది.

పాప ఆవిణ్ణి ఎగాదిగా చూసి, సీటు కింద దూరి ఏడుపు మొదలెట్టింది. "ఈవిడ కాదు. డబ్బాలో అమ్మమ్మ కావాలి."

సింహాద్రమ్మ భయపడ్డంతా జరిగింది. పైడమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తప్పు పిల్లది కాదు. అత్తయ్యే రావలసిన చోటినుంచి రాలేదు," అన్నాడు గౌరీశం.

ఇంకేముంది, తీగ తగిలించి ఉన్న ఫోన్లోంచి వరాహమూర్తి అత్తగారికి ఫోన్ కొట్టాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి పైడమ్మ ఫోన్ ఎత్తింది.

"నీలీ, బాగున్నావా తల్లీ?" రేడియో పలికింది.

పాప చటుక్కున బయటికొచ్చింది. "అమ్మమ్మా, ఎక్కడో ఒకావిడ నన్ను పట్టుకోబోయింది."

"ఎవరే అది? నేనొచ్చి చెప్తాను దాని పని," అంది పైడమ్మ కోపంగా. అమ్మమ్మా మనవరాలూ కరువుతీరా మాట్లాడుకున్నారు. సింహాద్రమ్మ మనసు కుదుటపడింది. చివర్లో పైడమ్మ ఎప్పటిలాగే అడిగింది. "మరి ఈ ఊరు ఎప్పుడొస్తారు బాబూ?"

"సెలవు దొరకడమే ఆలస్యం, బయల్దేరిపోతాం అత్తయ్యా," అన్నాడు వరాహమూర్తి స్టీరింగు ముందు కూర్చుని.

"అలాగే. పొద్దుపోతోంది, ఇంటికి పోయి అన్నాలు తినండి."

ఆవిడ చెప్పాక ఇంకేముంది, వరాహమూర్తి కారు తిప్పాడు. భిలాయి దారి పట్టారు.

పక్క కొట్టు గవరమ్మ తల బయటపెట్టింది. "ఏమే పైడమ్మా, మీ అమ్మాయివాళ్ళు ఈపూట వస్తారన్నావు?"

"రాలేదే, సెలవు దొరకలేదట. ఫోన్ చేశారు," అంది పైడమ్మ గరిటె అందుకుంటూ. "ఎన్నాళ్ళనుంచో మాట్లాడుతున్నాను గానీ, పిల్ల గొంతు ఇంత దగ్గరగా ఎప్పుడూ వినపడలేదనుకో."