నీళ్లు చల్లని వాకిళ్లు

ఎవరు ఏ ప్రశ్న అడిగినా జోగారావు మాస్టారు కూర్చున్న చోట జవాబు చెప్పేవారు కారు. గొడుగు తీసుకుని లేచేవారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు సర్వే పాఠాలు చెప్పిన మనిషి. అందులో సగం పాఠాలు పిల్లల్ని ఎండలో నిలబెట్టే చెప్పారు. రిటైరయ్యాక కూడా పాత శిష్యులు సందేహాలతో వచ్చి, ఒక్క మాటతో తేలిపోయేదానికి అరికాళ్లు బొబ్బలెక్కించుకుని వెళుతుండేవారు. అయినా మళ్లీ వచ్చేవారు.

అలా ఒక శనివారం గౌరీపతి వచ్చాడు. కొత్తగా వేయబోయే జాతీయ రహదారికి మూడు మార్గాలు గీశారు. వాటిలో ఏది మేలో తేల్చి, సోమవారానికల్లా సంతకం పెట్టి పైకి పంపవలసిన ఇంజనీరు అతనే. మ్యాపు నేల మీద పరిచి చూపించాడు.

"ఎర్ర గీత మీదున్న ఊళ్లవాళ్లు రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు మాస్టారూ. నీలం గీత వాళ్లు కోర్టుకెక్కారు. పచ్చ గీత నీలగెడ్డవలస వీధిలోంచి పోతుంది. నలభై ఇళ్లు పోతాయి. కానీ అక్కడ నేనే వెళ్లి గ్రామసభ పెడితే ఒక్కరు చెయ్యెత్తలేదు, ఒక్క అర్జీ రాలేదు. అదే రాసేద్దామనుకుంటున్నాను." మ్యాపు అంచు సర్దుతూ మళ్లీ అన్నాడు. "అయినా ఎందుకో గుండెల్లో దడగా ఉంది. వాళ్లు ఒప్పుకున్నారని నాకెలా తెలుస్తుంది?"

"రేపు తెల్లవారేసరికి వచ్చెయ్. చూసొద్దాం" అన్నారు మాస్టారు.

మర్నాడు ఊరి బయటే జీపు ఆపించి ఇద్దరూ నడిచారు. అప్పుడప్పుడే వెలుగొస్తోంది. వీధి పొడుగునా ఇంటింటి ముందూ ఆడవాళ్లు వంగి పిండితో ముగ్గులేస్తున్నారు. అది చూసి గౌరీపతి ప్రాణం కుదుటపడింది. ముగ్గులేసుకునే ఊరికి ఏం కష్టం వచ్చిందని, నేను ఊరికే బెంబేలు పడ్డాననుకున్నాడు. నాలుగడుగులు వేశాక అతని కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి.

ఒక్క వాకిట్లోనూ తడి లేదు. చీపురు ఆడిన జాడ లేదు. ఎక్కడి దుమ్ము అక్కడే ఉంది. నీళ్లు చల్లి ముగ్గెయ్యని వాకిలి అంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఒక ఇల్లయితే సరే, వీధి వీధంతా అలా ఉంటే ఏమనుకోవాలి? పైగా ఆడవాళ్లు వేస్తున్నది ముగ్గు కాదు. పక్షం రోజుల కిందట, సభ జరిగిన రోజునే, సర్వేవాళ్లు రోడ్డు పోయే చోటు తెలియడానికి సున్నంతో గీసిన గీత అది. అరుగుల్ని, గడపల్ని కోసుకుంటూ తిన్నగా పోతోంది. దాన్నే ఇంటికి ఒకరు చొప్పున ముగ్గుపిండితో దిద్దుతున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

దగ్గరలో ఉన్నావిడ వీళ్లను చూసి గభాలున లేచింది. గీతకేసి వస్తున్న కోడిపెట్టను అదిలించి, పిండి చేతులు జోడించింది. ఆవిడ పేరు గవరమ్మ అని తరువాత తెలిసింది.

"మేం సెరపనేదు బాబూ. కావాలంటే సూసుకోండి, ఎక్కడా తెగనేదు. గాలికి పోతంటే రోజూ మేమే దిద్దుతన్నాం."

"వాకిట్లో నీళ్లెందుకు చల్లడం లేదమ్మా?" అని గౌరీపతి అడిగాడు.

"సల్లితే గీత పోద్ది కదా. పోతే ఊరు మొత్తం మీద కేసెట్టేత్తారు."

"ఎవరన్నారు అలాగని?"

ఆవిడ నేలకేసి చూస్తూ నిలబడింది. చెప్పడమూ నేరమవుతుందేమోనని వెనకాడినట్టుంది.

"తమరే అన్నారు బాబూ. ఆవేల సభ కాడ."

గౌరీపతికి అప్పుడు గుర్తొచ్చింది. సభ ముగించి జీపెక్కబోతూ, "గీత జాగ్రత్తమ్మా, చెరిపారంటే కేసే!" అని నవ్వుతూ అన్నాడు. పక్కనున్న సర్వేవాళ్లూ నవ్వారు. ఊరివాళ్లు నవ్వారో లేదో అతను చూడలేదు.

ఇంతలో లోపల మంచం కిర్రుమంది. ఏడాదిగా మంచం పట్టిన గవరమ్మ మొగుడి గొంతు సన్నగా వినిపించింది.

"ఎవులే వొచ్చినారు? నన్ను సూడ్డానికేనా? నానింకా ఉన్నానని సెప్పు."

గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొన్న ఆడపడుచు వచ్చి, వీధి మొగలోంచే ఎండిన వాకిలి చూసి, అన్న పోయాడనుకుని గుండెలు బాదుకుంటూ లోపలికి వచ్చిందట. ఆ రోజు నుంచి ఆయన తెల్లవారగానే గుండె మీద చెయ్యి వేసి చూసుకుంటున్నాడు. "ముగ్గేసినావా?" అని రోజూ అడుగుతాడు. వేశానని ఈవిడ రోజూ అబద్ధం చెబుతోంది.

"నీళ్లు చల్లుకోమ్మా. నేను చెబుతున్నాను కదా, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు గౌరీపతి.

"కాయితం మీద రాసిత్తారా?"

అతను చంకలోని మ్యాపును అరుగు మీద పరిచి, ఓ మూల చింపి, నీళ్లు చల్లుకోవచ్చని దాని వెనక రాశాడు. కింద సంతకం పెట్టాడు. గవరమ్మ కాగితం అందుకుని, కళ్లకద్దుకుని, మడిచి రవికలో దోపుకుంది. గోడవార నిండు బిందె ఉంది. ఆవిడ దానికేసి చూసింది. గీతకేసి చూసింది. చివరికి వంగి, కోడి తొక్కిన చోట ఇంత పిండి తీసి మళ్లీ దిద్దింది.

గౌరీపతి మూల చిరిగిన మ్యాపును మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"మాస్టారూ, రేపు సంతకం పెట్టాలి. వీళ్లు ఒప్పుకున్నారో లేదో ఇంకెలా తెలుస్తుంది?"

ఎండ అప్పుడే వీధిలోకి వస్తోంది. మాస్టారు గొడుగు విప్పుకున్నారు.

"ముందు ఆవిణ్ని నీళ్లు చల్లనీ. తరవాత ఆవిణ్నే అడుగు."