రిపోర్టులో ఎరుపు

కంటి డాక్టరు వరహాలరావు గారికి ఒక అలవాటు ఉంది. స్కానింగ్ కాగితం చేతికిస్తే దాన్ని బోర్లా పెట్టి, ముందు మనిషిని చూస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మృదులకు ఇది చాదస్తంగా తోచేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, మంచి కన్నుకు కొలత ఇంత అని మిషను చెబుతూనే ఉంది కదా. ఇంకా మనం చూసేదేమిటి?"

 ఆయన ఆ ఉదయం ఆమె రాసిన రిపోర్టు తెమ్మన్నారు.

అది సన్యాసిరావుది. ఓడరేవులో క్రేను నడుపుతాడు, ఏటేటా చేయించుకోవలసిన పరీక్షకు వచ్చాడు. కంటి నరం మొదట్లో అందరికీ చిన్న గుంట ఉంటుంది. నరం దెబ్బతింటే అది పెరుగుతుంది. అతనిది పెద్దది. మామూలు కొలత దాటిందని కాగితం మీద రెండు కళ్ళకూ ఎరుపు పడింది. ఎరుపు చూడగానే మృదుల "నీటికాసులు (గ్లాకోమా). క్రేను ఎక్కరాదు" అని రాసేసింది. "ఈ పని తప్ప నాకింకోటి రాదు మేడం" అని అతను గొణిగినా తలెత్తలేదు.

వరహాలరావు గారు అతన్నీ, వరండాలో కూర్చున్న అతని తల్లినీ లోపలికి పిలిచారు. కొడుకు కంట్లో ఒత్తిడి చూశారు. చుట్టుచూపు పరీక్ష దగ్గరుండి చేయించారు. వంక పెట్టడానికేమీ లేదు. తర్వాత తల్లిని కుర్చీలో కూర్చోమన్నారు.

"నాకేటయింది బాబూ? డెబ్బై రెండేళ్ళొచ్చినా నాకు బాగానే అగుపడతంది. మా వోడిని సూడండి" అని ఆవిడ కసిరింది.

మృదుల లెన్సు పట్టి చూసింది. మళ్ళీ చూసింది. అదే గుంట, అంతే వెడల్పు. దాని చుట్టూ నరం అంచు నిండుగా ఉంది, ఎక్కడా తరగలేదు. ఆవిడ చుట్టుచూపూ చక్కగా ఉంది. కొడుక్కి ఉన్నది తల్లి పోలికే, జబ్బు కాదు. మృదులకు సిగ్గేసింది. పొద్దుటి నుంచీ ఆ తల్లి తలుపవతలే ఉంది.

రాసింది కొట్టేసి, "నరానికి నష్టం లేదు. క్రేను నడపవచ్చు. ఏడాదికి మళ్ళీ చూడాలి" అని రాసిచ్చింది. సన్యాసిరావు ఆ కాగితాన్ని లాక్కున్నంత పని చేశాడు.

వాళ్ళు వెళ్ళాక మెల్లగా అడిగింది. "అయితే మిషను అబద్ధం చెప్పిందా సార్?"

"లేదమ్మా" అన్నారు వరహాలరావు గారు. "తనకు తెలిసిన కొన్ని వందలమందిలా ఇతను లేడంది, అంతే. జబ్బని రాసింది నువ్వు."